టైడల్ బేసిన్ దగ్గర ఉంగరం తీసే ముందు

వాషింగ్టన్‌లో టైడల్ బేసిన్ అనే చెరువు ఒడ్డున చెర్రీ పూల కింద పెళ్లి మాట అడగాలనుకునే కుర్రవాళ్లు ముందుగా చేసే పొరపాటు, తేదీ ఖాయం చేసేసుకోవడం. మార్చి ఆఖరి శనివారమని ఫొటోగ్రాఫరుకు బయానా కూడా ఇచ్చేస్తారు. చెట్టుకు శనివారం తెలియదు. 1990లో మార్చి 15కే విరగబూశాయి, 1958లో ఏప్రిల్ 18 దాకా ఆగాయి.

యోషినో రకం చెర్రీ చెట్ల పూలలో 70 శాతం విచ్చుకున్న రోజును, ఆ చెట్లను చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ పీక్ బ్లూమ్ అంటుంది. మొగ్గలు తెల్లగా ఉబ్బాయంటే ఇంకా నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఆ కబురు వచ్చాకే రోజు ఖరారు చేయండి, రెండు మూడు తేదీలు మాత్రం ముందే అడిగి పెట్టుకోండి. ఒక్క గాలివాన వచ్చిందంటే రేకులన్నీ నీళ్లపాలే. అప్పుడు దాదాపు రెండు వారాలు ఓపిక పడితే ఈస్ట్ పొటోమాక్ పార్కులో క్వాన్జాన్ అనే మరో రకం చెర్రీ చెట్లు పూస్తాయి. ముద్దమందారంలా ఒత్తు రేకుల గులాబీ పూలు. నన్నడిగితే ఫొటోకు అవే అందం.

పనిదినాన తెల్లవారుజామునే మెట్రోలో స్మిత్సోనియన్ స్టేషనుకు వెళ్లి, అక్కడి నుంచి నడవండి. కారు తెచ్చారా, పార్కింగు వెతకడంతోనే పొద్దెక్కుతుంది. ఆలస్యమైతే మీ ఇద్దరి మధ్య ఎవరి పిల్లవాడో ఐస్‌క్రీము చప్పరిస్తూ ఫొటోలో పడతాడు.

ఉంగరం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒడ్డున చాలా చోట్ల కమ్మీలు ఉండవు, చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. మా స్నేహితుడు మోకాలి మీద కూర్చుని పెట్టె తెరిచేసరికి ఉంగరం జారి, రాతి మీద ఠంగున పడి, నీళ్లవైపు దొర్లింది. బూటు అడ్డం పెట్టి ఆపాడు. ఆ ఆల్బములో అన్నిటికంటే స్పష్టంగా వచ్చిన ఫొటో ఆ బూటుదే. కాబట్టి ఒడ్డుకు పది అడుగులు ఇవతలే నిలబడండి. పెట్టె కోటు లోపలి జేబులో పెట్టుకోండి. ప్యాంటు జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తే ఆమెకు సగం కథ అర్థమైపోతుంది.

ఫొటోగ్రాఫరుకు ఆ ఉదయం మీ కోటు ఫొటో పంపండి. అక్కడ జంటలకు కొదవ లేదు, పొరపాటున ఇంకొకరిని తీస్తాడు. రేకులు రాలాలని కొమ్మలు ఊపడం, చెట్టెక్కడం, పూలు కోయడం కూడదు. డ్రోను సంగతి మరచిపోండి, నగరంలో ఎగరనివ్వరు.

పెళ్లి సంగతి మీ ఇద్దరి మధ్య అప్పటికే నాలుగుసార్లు వచ్చి ఉండాలి. లేకపోతే పదిమందిలో మోకరిల్లి ఆమెను ఇరకాటంలో పెట్టకండి.

మీరు చెప్పేదాకా ఒక్క ఫొటో కూడా బయట పెట్టవద్దని ఫొటోగ్రాఫరుతో అనండి. అక్కడ ఉదయం ఏడంటే ఇండియాలో ఇంటి దగ్గర సాయంత్రం నాలుగున్నర, అమ్మ టీ పెట్టుకునే వేళ. వాట్సాప్ గ్రూపులో పిన్ని చూసి చెప్పకముందే అమ్మకు ఫోను చేయండి.