ఇల్లు పిల్లల పేరున రాసే ముందు

రాజధాని పనులు మళ్లీ ఊపందుకున్నాక విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నాలుగు సెంట్ల స్థలం ఉన్నా ఇంట్లో గొడవకు సరిపోతోంది. "ఎలాగూ మాకేగా, ఇప్పుడే రాసేయండి" అంటారు పిల్లలు. పెద్దవాళ్లు కాదనలేరు.

వీలునామా అయితే బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ దస్తావేజు, అంటే బతికుండగానే ఆస్తి రాసిచ్చేసే పత్రం, అలా కాదు, రిజిస్టరైతే మీ ఇష్టానికి వెనక్కి తీసుకోలేరు. రాయక తప్పదంటే రెండు మాటలు అందులో పడాల్సిందే: నేను బతికున్నంత కాలం ఈ ఇంట్లో ఉండే హక్కు నాదే, నా తిండి, మందులు, బాగోగులు ఈ ఇల్లు రాయించుకున్నవాళ్లే చూడాలి. డాక్యుమెంట్ రైటర్లు "ప్రేమాభిమానములతో" అని రాసి ఊరుకుంటారు. అది చాలదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించాలంటే చూసుకోవాలన్న షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మరో కేసులో కాస్త ఉదారంగా చూసింది కానీ, దాన్ని నమ్ముకుని షరతు వదిలేయకండి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు మాత్రం మీ దగ్గరే ఉండాలి.

ఇక బంధువులకు, పక్కింటివాళ్లకు. పెద్దవాళ్ల మీద హింస చాలా ఇళ్లలో చెయ్యెత్తడంతో మొదలవదు. పలకరింపు తగ్గుతుంది, ఫోన్ లాక్కుంటారు, బీపీ మాత్రలు అయిపోయి వారమైనా తేరు, "ఇంకా ఎన్నాళ్లు" అనే మాట వినపడేలా అంటారు. అవతల మనిషి ఏడవరు. ఒళ్లునొప్పులంటారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, ముద్ద దిగదంటారు, మతిమరుపు వచ్చినట్టుంటారు. వయసు పైబడిందిలే అని అందరూ సర్దుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఇంకా ఇతరుల మీద ఆధారపడతారు, చూసేవాళ్లకు విసుగు పెరుగుతుంది, నోరు, చెయ్యి ఇంకా లేస్తాయి. చూసుకునే కోడలికో కొడుకుకో కూడా టెన్షన్, తాగుడు ఉండొచ్చు. వాళ్లకూ సాయం కావాలి, కానీ దెబ్బకు అది సాకు కాదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, కాసేపు పెద్దవాళ్లను ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. కొడుకు పక్కన కూర్చుంటే "అంతా బాగానే ఉంది బాబూ" అనే అంటారు. గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. చచ్చిపోతే బాగుండు అనే మాట వస్తే తేలిగ్గా తీసుకోకండి, మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

పోషణ కోసం ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, కొడుతుంటే వెంటనే 112. ఆడవాళ్లయితే 181 కూడా ఉంది, గృహహింస చట్టం తల్లికీ అత్తకీ కూడా వర్తిస్తుంది. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, ఒక కాగితం మీద కూడా రాసి పెద్దవాళ్ల చేతికివ్వండి, ఫోన్ లాక్కున్నా అవి ఉంటాయి.