బండి కింద పెట్రోల్ చుక్కలు: కార్బురేటర్ నీడిల్ పని

మాది పర్లాకిమిడి. పాత 100 సీసీ బండి మీదే పాతపట్నం వెళ్లొస్తుంటాను. మొన్న వానలకు నాలుగు రోజులు బండి తీయలేదు. ఐదో రోజు పొద్దున్నే వసారా అంతా పెట్రోల్ వాసన, బండి కింద అరచేయంత మరక.

సమస్య: పెట్రోల్ ఎక్కడి నుంచి కారుతోంది?
ముందు ఇది తేల్చుకోండి. బండిని ఆరుబయట సెంటర్ స్టాండ్ మీద పెట్టండి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు. కార్బురేటర్‌ని (ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే భాగం) పొడిగుడ్డతో తుడిచి, పెట్రోల్ ట్యాప్ తెరిచి ఐదు నిమిషాలు చూడండి. ఓవర్‌ఫ్లో పైపులోంచి (ఎక్కువైన పెట్రోల్ బయటికి పోయే గొట్టం) చుక్కలు పడితే చాలావరకు నీడిల్ వాల్వ్‌దే (పెట్రోల్ దారిని మూసే సూది లాంటి ముక్క) తప్పు. కార్బురేటర్ కింది కప్పు (పెట్రోల్ నిలిచే గిన్నె) అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తే వాషర్ పోయినట్టు. డ్రెయిన్ స్క్రూ దగ్గరైతే కొంచెం బిగించి చూడండి.

కారణం
కప్పులో పెట్రోల్ నిండేకొద్దీ అందులోని ఫ్లోట్ అనే బుడ్డి తేలి, నీడిల్‌ని దాని సీటుకు (నీడిల్ మొన కూర్చునే రంధ్రం) నొక్కుతుంది. దాంతో దారి మూసుకుపోతుంది. ఆ మధ్యలో ఇసుక రేణువంత తుప్పు ఇరుక్కున్నా పెట్రోల్ ఆగదు.

పరిష్కారం
విప్పకముందే ఒక ప్రయత్నం చేయండి. ట్యాప్ కట్టేసి, డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కప్పులోని పెట్రోల్‌ని సీసాలోకి దించండి. స్క్రూడ్రైవర్ పిడితో కప్పుని మెల్లగా తట్టి, స్క్రూ బిగించి ట్యాప్ తెరవండి. చెత్త కొట్టుకుపోతే కారడం ఆగిపోతుంది.

ఆగకపోతే ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ దించి కప్పు విప్పాలి. ఫ్లోట్ పిన్నుని మెల్లగా తోయండి, దాన్ని పట్టుకునే కాళ్లు చాలా సున్నితం. నీడిల్ మొనని వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ ఉంగరంలా గాడి పడి గోరుకి తగిలితే అది అరిగిపోయినట్టే, మార్చాలి. సీటుని తీగతో గీకకండి, పెట్రోల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోల్ కదులుతున్న చప్పుడు వస్తే అది చిల్లుపడింది, కొత్తది వేయాల్సిందే.

బిగించాక కార్బురేటర్‌ని తలకిందులుగా పట్టుకుని, పెట్రోల్ వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు తగిలించి ఊదండి. గాలి అస్సలు పోకూడదు.

నేను కొత్త నీడిల్ వేసినా రెండు రోజులకే మళ్లీ కారింది. కప్పు అడుగున ఎర్రటి బురద పేరుకుంది. అసలు తుప్పు ట్యాంకులో ఉంది! ట్యాంకు కడిగి, పైపు మధ్యలో ఫిల్టర్ పెట్టాకే కుదురుకుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. రాత్రంతా కారిన బండిని వెంటనే కిక్ కొట్టకండి. ముందు ఇంజిన్ ఆయిల్ చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, మట్టం పెరిగినా ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయండి. పెట్రోల్ కలిసి పలచబడిన ఆయిల్ బేరింగులనీ పిస్టన్‌నీ కాపాడలేదు.