కాలి బైపాస్‌కి పోతున్నారా, గజ్జల్లో కుట్లు జాగ్రత్త
పోయినేడు మా నాయనకి కాలి బైపాస్ చేయించినాం, షుగరూ బీడీలూ కలిసి కాలికి పోయే రక్తనాళం మూసుకుపోయింది. ఆపరేషన్ బాగానే అయింది గానీ ఎనిమిదో రోజుకి గజ్జల్లో కుట్ల కాడ చీము పట్టి ఇంకో మూడు వారాలు వార్డులోనే ఉండిపోయినాం. ఆదోని, ఎమ్మిగనూరు పక్కల నుంచి ఇట్లాంటి ఆపరేషన్‌కి కర్నూలు వచ్చేవాళ్ళకి ఆ తిప్పలు రాకూడదని రాస్తున్నా.

డేట్ ఇచ్చినారంటే బీడీ ఆ రోజే బంద్, నాలుగు వారాల ముందే ఆపితే పుండు మానడంలో తేడా తెలుస్తుంది. షుగర్ 180 దాటకుండా చూసుకోవాల. కాలు ఉన్నట్టుండి చల్లబడి తెల్లబడి నొప్పి తట్టుకోలేకుంటే మాత్రం డేట్ దాకా ఆగొద్దు, వెంటనే పోవాల. ముందురోజు ఇంట్లో బ్లేడు పెట్టి గజ్జల్లో వెంట్రుకలు గీయొద్దు, కంటికి కనపడని గాట్లు పడి క్రిములు చేరతాయి, తీయాల్సొస్తే వాళ్ళే క్లిప్పర్‌తో తీస్తారు.

అన్నిటికన్నా గజ్జలే ముఖ్యం. చెమట, మడతలు, పక్కనే ఒంటికి, రెంటికి పోయే చోటు, క్రిములకి అంతకంటే ఏం కావాల. లోపల ప్లాస్టిక్ గ్రాఫ్ట్, అంటే మూసుకుపోయిన నాళాన్ని దాటి రక్తం పోయేదానికి వేసే గొట్టం, వేసుంటే ఇంకా భయం, దానికి క్రిమి పట్టిందంటే చాలాసార్లు ఉత్త మందులతో పోదు, మళ్ళీ కోసి గ్రాఫ్టే తీయాల్సి రావచ్చు, కాలికీ ప్రాణానికీ ముప్పే. అందుకే పొట్ట మడత కుట్ల మీద పడకుండా, ఆ చోటు తడి లేకుండా ఎట్ల పెట్టుకోవాలో సిస్టరమ్మని అడిగి నేర్చుకోండి.

సెలైన్ సూది కాడ ఎర్రబడినా వాచినా అప్పుడే చెప్పండి. యూరిన్ పైపు గురించి రోజూ అడగండి, "అక్కా, ఇది ఇంకా కావాల్నా, తీసేయొచ్చా" అని, ఎన్ని రోజులుంటే అంత ఇన్ఫెక్షన్. మొహమాటం వద్దు, మేం అడగలేదు, ఇప్పటికీ బాధే. యూరిన్ బ్యాగు నేలకి తగలకూడదు, మంచం మీదికీ ఎత్తకూడదు.

ఊర్నుంచి పదిమంది వచ్చి మంచం మీద కూర్చొని కాలు ముట్టి చూస్తారు, ప్రేమే గానీ వద్దని చెప్పాల. పక్కనుండి చూసుకునే మనిషైనా ముట్టే ముందు సానిటైజర్ అర నిమిషం రుద్దాల, మట్టి చేతులైతే సబ్బుతోనే కడగాల. డ్రెస్సింగ్ మార్చే వాళ్ళనైనా సరే చేతులు కడుక్కున్నారా అని నెమ్మదిగా అడగొచ్చు, తప్పేం లేదు. పడుకునే ఉంటే న్యుమోనియా రావచ్చు, డాక్టర్ సరే అంటే లేపి కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి తీయించండి.

ఇంటికొచ్చినాక పుండుకి పసుపు, ఆకు పసరు పెట్టొద్దు, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి మింగించొద్దు. జ్వరం, ఎరుపు, వాసన, చీము ఏది కనపడినా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పోండి, గ్రాఫ్ట్ ఉన్నోళ్ళకి నెలల తర్వాత కూడా రావచ్చు. గజ్జల్లోంచి రక్తం చిమ్మితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తిపట్టి 108కి ఫోన్ చెయ్యండి, వాళ్ళొచ్చేదాకా ఒత్తిన చెయ్యి తీయొద్దు.