జీవిత పరిచయం రాయడం – ఐదవ పాఠం: నటి జీవితం, పాత్ర జీవితం

గత పాఠం చివర బ్రిటిష్ టెలివిజన్ నటి, వ్యాఖ్యాత జొయానా లమ్లీ గురించి నాలుగు పేరాల్లో జీవిత పరిచయం రాయమని కోరాను. మీరు పంపిన వ్యాసాలన్నీ శ్రద్ధగా చదివాను. వాక్యాలు బాగా కుదురుకున్నాయి, అందుకు సంతోషం. అయితే చాలామంది రెండు చోట్ల తడబడ్డారు. ఆమె ధరించిన పాత్రల సంగతులు ఆమె సొంత జీవితంలోకి వచ్చి చేరాయి. సంవత్సరాలు అతుక్కుపోయి, జరగని కాలం కూడా జరిగినట్టు కనిపించింది. ఈసారి ముగింపు పేరా గురించి చెప్పాల్సి ఉన్నా దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఈ రెండూ చక్కబడకుండా ముగింపు ఎంత అందంగా రాసినా ప్రయోజనం ఉండదు.

పుట్టుక, తల్లిదండ్రులు, చదువు ఎలా రాయాలో మళ్లీ చెప్పను, అది మీకు వచ్చు. ఒక్క సవరణ మాత్రం అవసరం. ఆమె 1946 మే 1న శ్రీనగర్‌లో జన్మించారు. కొందరు దానికి ముందు ‘జమ్మూ కాశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతంలోని’ అని చేర్చారు. ఆ ఏర్పాటు 2019లో వచ్చింది. 1946లో అది మహారాజా హరిసింగ్ ఏలుబడిలోని సంస్థానం. అదే ఏడాది వరంగల్‌లో పుట్టినవారు నిజాం సంస్థానంలోనూ, గుంటూరులో పుట్టినవారు మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పుట్టారని రాసే మనకు ఈ జాగ్రత్త కొత్తది కాదు. తండ్రి నేపాలీ సైనికుల దళమైన 6వ గూర్ఖా రైఫిల్స్‌లో అధికారి. ఆ వివరాన్ని చాలామంది వదిలేశారు. అది ఎందుకు ఉండాలో కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు పాత్ర సంగతి. ‘కోరొనేషన్ స్ట్రీట్’ ధారావాహికలో ఆమె 1973లో కొద్దికాలం ఎలేన్ పెర్కిన్స్ అనే పాత్రలో నటించారు. కథలో ఎలేన్‌ను ప్రేమించిన వ్యక్తి పేరు కెన్ బార్లో. నిజజీవితంలో లమ్లీ 1986లో వివాహం చేసుకున్నది సంగీత బృంద నిర్దేశకుడు స్టీఫెన్ బార్లోను. ఇంటిపేరు ఒకటే అయినా ఒకరు కల్పిత వ్యక్తి, మరొకరు మనిషి. వీరిద్దరినీ కలిపేసి ‘తన సహనటుణ్ణి వివాహం చేసుకున్నారు’ అన్న వాక్యం ఒక వ్యాసంలో వచ్చింది. వాక్యం నిండుగా ఉంది, కానీ అందులో నిజం లేదు.

ఇంతకంటే తీవ్రమైనది పాట్సీ స్టోన్ విషయం. జెనిఫర్ సాండర్స్ రచించిన ‘అబ్సల్యూట్లీ ఫ్యాబ్యులస్’ అనే బీబీసీ హాస్య ధారావాహికలో పాట్సీ ఫ్యాషన్ పత్రికలో పనిచేస్తుంది, ఒక చేతిలో సిగరెట్, మరో చేతిలో షాంపేన్ గ్లాసుతో తిరుగుతుంది, బాధ్యత అన్నది ఎరగదు. ఆ పాత్ర అంతగా పండటం వల్లనే లమ్లీకి 1993లోనూ, 1995లోనూ బాఫ్టా పురస్కారాలు వచ్చాయి. కానీ మద్యం అలవాటునూ, దుబారానూ నటికే అంటగట్టి రాయడం జీవిత పరిచయం కాదు, అపవాదు. బతికున్న మనిషి గురించి రాస్తున్నామన్న స్పృహ ప్రతి వాక్యంలోనూ ఉండాలి.

దీనికి తెలుగులో ఒక చక్కని సాధనం ఉంది, నేను ఎప్పుడూ దాన్నే వాడతాను. పాత్ర గురించి చెప్పేటప్పుడు గౌరవవాచకం లేకుండా, కథ చెబుతున్నట్టుగా ‘పాట్సీ తాగుతుంది, అబద్ధమాడుతుంది’ అంటాను. మనిషి గురించి చెప్పేటప్పుడు ‘లమ్లీ నటించారు, పర్యటించారు’ అంటాను. మొత్తం వ్యాసంలో ఈ నియమం తప్పకుండా పాటిస్తే, ఏ వాక్యం ఎవరిదో పాఠకునికి క్రియను బట్టే తెలిసిపోతుంది. చిత్తుప్రతి దశలో కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు పాత్ర చేసినవీ, కుడివైపు మనిషి చేసినవీ రాసుకోవడం మరింత మంచిది.

కొన్ని విషయాలు ఆ మడత మీదనే పడతాయి. ‘ద న్యూ ఎవెంజర్స్’ ధారావాహికలో పర్డీ అనే గూఢచారి పాత్ర కోసం లమ్లీ జుట్టును గుండ్రంగా, పొట్టిగా కత్తిరించుకున్నారు, బ్రిటన్‌లో ఎందరో యువతులు క్షౌరశాలలకు వెళ్లి అదే కత్తిరింపు కావాలని అడిగారు, దానికి పర్డీ పేరే స్థిరపడింది. జుట్టు నటిది, పేరు పాత్రది. ఇలాంటి చోట రెండు మాటలూ చెప్పాలి. ఇక వ్యాఖ్యాతగా చేసిన కార్యక్రమాల్లో పాత్ర ఉండదు కనుక అవన్నీ కుడివైపుకే వస్తాయి. 1994లో బీబీసీ కోసం చేసిన ‘గర్ల్ ఫ్రైడే’లో ఆమె మడగాస్కర్ దగ్గరి నిర్జన ద్వీపంలో తొమ్మిది రోజులు గడిపారు, ఒక గుహలో తలదాచుకున్నారు, పదునైన రాళ్ల మీద నడవడానికి తన బ్రానే విప్పి, దానితో చెప్పులు తయారు చేసుకున్నారు. ఇంత మంచి వివరాన్ని సంకోచంతో వదిలేసి ‘ధైర్యసాహసాలు కలిగిన మహిళ’ అని రాసినవారు ఉన్నారు. విశేషణం కొట్టేసి ఆ చెప్పుల సంగతి రాయండి.

ఇప్పుడు సంవత్సరాల దగ్గరకు వస్తున్నాను. ఈ విషయంలో నేను పట్టుదల మనిషిని, కాస్త ఓపిక పట్టండి.

దాదాపు అన్ని వ్యాసాల్లోనూ ‘1992 నుంచి 2012 వరకు అబ్సల్యూట్లీ ఫ్యాబ్యులస్‌లో నటించారు’ అని ఉంది. మొదటి సంవత్సరం సరైనదే, చివరిదీ సరైనదే. అయినా వాక్యం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే చదివినవారికి ఇరవై ఏళ్లపాటు ఆమె అదే పనిలో ఉన్నట్టు తోస్తుంది. నిజానికి దాని వరుసలు (సీజన్లు) ప్రసారమైనది 1992, 1994, 1995, 2001, 2003 సంవత్సరాల్లో. మధ్యమధ్య కొన్ని ప్రత్యేక భాగాలు వచ్చాయి. ఇరవయ్యో వార్షికోత్సవం సందర్భంగా 2011–12లో మరికొన్ని చేశారు. 2016లో సినిమా విడుదలైంది. ఈ ఖాళీలను మూసేస్తే ఆమె జీవితంలో సగం కనబడకుండా పోతుంది. ద్వీపం కార్యక్రమం 1994లోదే, ఉత్తర ధ్రువకాంతుల కోసం నార్వే మీదుగా చేసిన యాత్ర 2008లోది, నైలు నది యాత్ర 2010లోది, బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన గూర్ఖాల హక్కుల కోసం సాగిన ఉద్యమం 2008–09లోది. ఇవన్నీ మీరు మూసేసిన ఇరవై ఏళ్ల లోపలే ఉన్నాయి.

ఆమె నటించిన మరో ధారావాహిక ‘సఫైర్ అండ్ స్టీల్’ కూడా ఇలాంటిదే. 1979 నుంచి 1982 వరకు అని రాస్తే నాలుగేళ్లూ ప్రసారమైనట్టు ఉంటుంది. 1980లో అది రాలేదు. 1979లో దాన్ని ప్రసారం చేస్తున్న ఐటీవీ ఛానల్‌లో సమ్మె వల్ల రెండో కథ మధ్యలోనే ఆగి, తరువాత మళ్లీ మొదలైంది. మిగిలినవి 1981లోనూ, 1982లోనూ వచ్చాయి. ‘ద న్యూ ఎవెంజర్స్’ మాత్రం 1976, 1977 అని వరుసగా రెండేళ్లు నడిచింది కనుక అక్కడ ఇబ్బంది లేదు. నా పద్ధతి ఇది: వరుసగా సాగిన పనికి మాత్రమే మొదలు, ముగింపు చెప్పి ఊరుకుంటాను, మధ్యలో ఒక్క ఏడాది ఖాళీ ఉన్నా సంవత్సరాలను విడివిడిగా రాస్తాను, లేదా ‘మధ్యలో ఆగుతూ’ అన్న మాట చేరుస్తాను. వాక్యం పొడవు పెరిగినా ఫరవాలేదు.

ఒకే సంవత్సరంలో అన్నీ కుక్కడం కూడా ఇదే దోషానికి మరో రూపం. ‘లమ్లీ పోరాటం వల్ల 2009లో గూర్ఖాలకు బ్రిటిష్ పౌరసత్వం లభించింది’ అన్న వాక్యం తీసుకోండి. లభించింది పౌరసత్వం కాదు, బ్రిటన్‌లో స్థిరనివాస హక్కు. దాని క్రమం ఇలా సాగింది. 1997 జులై 1న గూర్ఖా దళ స్థావరం హాంకాంగ్ నుంచి బ్రిటన్‌కు మారింది. 2004లో ప్రభుత్వం ఆ తేదీ తరువాత విరమణ చేసినవారికే స్థిరపడే వీలు కల్పించింది. అంతకుముందు విరమించిన వృద్ధులు బయట మిగిలిపోయారు. 2008 సెప్టెంబరులో హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. 2009 ఏప్రిల్ 29న పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలో ప్రతిపక్ష లిబరల్ డెమొక్రాట్ల తీర్మానం 267–246 ఓట్లతో నెగ్గి గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం ఓడింది. మే 21న, నాలుగేళ్ల సేవ చేసిన మాజీ సైనికులందరికీ ఆ హక్కు ఇస్తున్నట్టు హోంమంత్రి జాకీ స్మిత్ ప్రకటించారు. న్యాయవాదులు, మాజీ సైనికులు, ప్రతిపక్షాలు కలిసి సాగించిన ఈ ఉద్యమానికి లమ్లీ ప్రజలకు తెలిసిన ముఖం అయ్యారు. తండ్రి గూర్ఖా అధికారి అన్న వివరం మొదటి పేరాలో ఉంటే, ఆమె అక్కడ ఎందుకు నిలబడ్డారో ఇక్కడ వేరే చెప్పనక్కరలేదు.

గెలిచిన ఉద్యమం రాసినప్పుడు నెరవేరనిదీ రాయాలి. థేమ్స్ నదిపై తోటలతో వంతెన కట్టాలన్న ఆలోచనకు ఆమె ఏళ్ల తరబడి అండగా నిలిచారు. నాలుగు కోట్ల పౌండ్లకు పైగా ప్రజాధనం ఖర్చయ్యాక, 2017లో అది రద్దయింది. ఒకటి రెండు వాక్యాలు చాలు, కానీ వదలకూడదు.

వ్యక్తిగత జీవితం గురించి నేను క్లుప్తతనే కోరుకుంటాను. 1967లో, మోడల్‌గా పనిచేస్తున్న కాలంలో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో ఆమె అవివాహితగా ఒక కుమారుణ్ణి కన్నారు. రచయిత జెరెమీ లాయిడ్‌తో 1970లో జరిగిన వివాహం స్వల్పకాలంలోనే ముగిసింది. 1986 నాటి వివాహం కొనసాగుతోంది. వీటిని విడిగా ఒక శీర్షిక కింద గుదిగుచ్చకుండా కాలక్రమంలోనే ఉంచండి. బిడ్డను పెంచుకుంటూనే 1969 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో చిన్న వేషం వేశారని అప్పుడే అర్థమవుతుంది.

అభ్యాసం ఈసారి కష్టంగా ఉంటుంది. బ్రిటిష్ నటుడు, వ్యాఖ్యాత టోనీ రాబిన్సన్ గురించి మూడు వందల మాటల్లో రాయండి. ఆయన నటించిన హాస్య ధారావాహిక ‘బ్లాకాడర్’ 1983, 1986, 1987, 1989 సంవత్సరాల్లో నాలుగు వరుసలుగా వచ్చింది. కథ మధ్యయుగం నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా నాలుగు కాలాల్లో జరుగుతుంది. ఆయన ధరించిన బాల్డ్రిక్ ప్రతి కాలంలోనూ వేరే మనిషి, మొదటి వరుసలో తెలివైనవాడు, తరువాతి వాటిలో మందబుద్ధి. పురావస్తు తవ్వకాల కార్యక్రమం ‘టైమ్ టీమ్’కు ఆయన 1994 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు వ్యాఖ్యాతగా ఉన్నారు. 2000 నుంచి 2004 వరకు ఎడతెగకుండా లేబర్ పార్టీ జాతీయ కార్యవర్గ సభ్యులు. 2006లో మతిమరుపు వ్యాధితో ఉన్న తల్లి గురించి స్వయంగా డాక్యుమెంటరీ చేశారు. 2013లో నైట్ బిరుదు పొందారు. ‘ప్రముఖ’, ‘సుప్రసిద్ధ’ అన్న విశేషణాలు ఒక్కచోట కూడా రాకూడదు. మడిచిన కాగితాన్ని కూడా వ్యాసంతో జత చేసి పంపండి. ముందు దాన్నే చూస్తాను.