బేస్‌మెంట్‌కి చెమ్మ ఎక్కితే: డెల్టాలో పాత ఇంటి గోడ ఆరబెట్టడం

మన దగ్గర బేస్‌మెంట్ అంటే పునాది మీద, నేల నుంచి గచ్చు దాకా లేచే ఆ రెండు మూడడుగుల కట్టడం. 'బేస్‌మెంట్ లెవెల్ అయిందా' అని ప్రభుత్వ ఇళ్లకు బిల్లు రాసేవాళ్లు అడిగేది దాని గురించే. నేల కింద గది గోదావరి డెల్టాలో ఎవరూ కట్టరు, వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే చోట అది నుయ్యే అవుతుంది. అమలాపురం, పాలకొల్లు, నరసాపురం, రామచంద్రపురం పాత వీధుల్లో చూడండి: గచ్చు నుంచి మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు వరకు గోడ ఉబ్బి, పెచ్చులు ఊడి, తెల్లగా ఉప్పు పూసి ఉంటుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి ఇక్కడి నేల ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగానే ఉంటోంది. కాలువలు పారినంత కాలం, చేలల్లో నీళ్లు నిలిచినంత కాలం నేలలోని ఊట పైనే ఉంటుంది. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాకే కాస్త దిగుతుంది. పాత ఇళ్లకు నాటు ఇటుక, గానుగ సున్నం, ఇంకా పాతవాటికి మట్టి అడుసు. పునాదికీ గోడకీ మధ్య చెమ్మను ఆపే పొర ఉండదు. ఇటుక తన బరువులో ఐదో వంతు దాకా నీళ్లు తాగగలదు. అంటే మూడు కిలోల ఇటుకలో 600 మి.లీ. దీపపు వత్తి నూనె లాగినట్టు గోడ ఈ నీళ్లను పైకి లాగుతుంది. కింద నుంచి ఎక్కేదీ, పైన గాలికి ఆరేదీ సమానమయ్యే చోట ఆగుతుంది. మామూలుగా అది మూడడుగుల ఎత్తు. నీళ్లు ఆరిపోతాయి, వాటితో వచ్చిన ఉప్పు అక్కడే మిగులుతుంది. ఆ ఉప్పు గట్టిపడుతూ ఉబ్బినప్పుడే ప్లాస్టరింగ్ పెచ్చులు లేస్తుంది.

ఇది ఒక దారి. ఇంకో రెండున్నాయి, చాలా ఇళ్లలో మూడూ కలిసే ఉంటాయి.

రెండోది రోడ్డు. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోస్తూ పోయారు. ఒకప్పుడు రెండడుగులున్న బేస్‌మెంట్ ఇప్పుడు అరడుగైంది, కొన్ని ఇళ్లలో వీధి కంటే వాకిలే పల్లం. వాననీళ్లు గోడకు ఆనుకుని నిలుస్తాయి, చూరు నీళ్లు నేలకు కొట్టి గోడ మీదకి చిమ్ముతాయి. మూడోది మన ఇంట్లోంచే వచ్చే నీళ్లు: పగిలిన బాత్రూం పైపు, పూడిన మురుగుకాలువ, మండువా మధ్యలోంచి బయటికి పోయే తూము. ఆ తూము ఆకులతో మూసుకుపోతే మండువాలో పడ్డ వానంతా చుట్టూ ఉన్న నాలుగు గోడల కిందికే ఇంకుతుంది.

ఏ దారో తేల్చుకోకుండా మేస్త్రీని పిలవొద్దు. తేల్చడానికి పెద్ద ఖర్చు లేదు. అడుగు చదరం దళసరి ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అతికించి రెండు రోజులు ఉంచండి. కాగితం లోపలి వైపు నీటిబొట్లు పడితే గోడలోంచి వస్తోంది. బయటి వైపు పడితే అది గదిలోని ఉక్కతేమ, కిటికీ తీస్తే పోయేది. తర్వాత చెమ్మ పైఅంచును పెన్సిల్‌తో గీసి తేదీ రాయండి. ఏప్రిల్‌లో ఒక గీత, జూన్ మొదట్లో ఒక గీత. కాలువలు కట్టేసిన ఆ నెలల్లో గీత కిందికి జారితే ఊట నీరే. చలనం లేకపోతే పైపును అనుమానించండి. రాత్రి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టి, మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, తెల్లారి చూస్తే సరఫరా పైపు సంగతి తెలుస్తుంది. మురుగు పైపుకైతే బాత్రూం జాలీలో రంగునీళ్లు పోసి అవతలి గోడ మీద మరక కోసం ఒకటి రెండు రోజులు చూడాలి. గీత వంకరటింకరగా, ఒక్కచోటే ఎత్తుగా ఉంటే అది దాదాపు పైపే. ఊట నీరు గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో ఎక్కుతుంది.

పని బయట నుంచే మొదలుపెట్టాలి. గోడ పక్కన పోసిన మట్టి, పూలకుండీలు, అరటి పాదు, ఆనించి కట్టిన తులసికోట తీసేయండి. బయటి నేల లోపలి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున గచ్చు పోయించి, బయటివైపుకి అంగుళం వాలు ఇవ్వండి. చూరు కింద పైపు పెట్టి నీళ్లు దూరంగా వదలండి. తూము కడ్డీతో పొడిచి, బకెట్టు నీళ్లు పోసి, అవతల నుంచి బకెట్టూ వస్తోందో లేదో చూసుకోండి. సగం ఇళ్లలో గోడ ముట్టుకునే ముందు ఈ పనులతోనే మార్పు కనిపిస్తుంది. ఆ మార్పు చూడ్డానికి ఒక వానాకాలం ఆగడం మేలు.

తర్వాత కూడా చెమ్మ ఎక్కుతుంటే గోడకు అడ్డుపొర వేయాలి. ఇటుక వరసను కోసి రేకో షీటో దూర్చే పద్ధతి ఉంది కానీ సున్నపు గోడ దిగిపోయే ప్రమాదం ఉంది, బాగా తెలిసిన మేస్త్రీ లేకుండా వద్దు. తేలికైనది సిలేన్-సిలాక్సేన్ క్రీమ్, అంటే ఇటుకకు నీళ్లు అంటనివ్వని మందు, ఎక్కించడం. ఇటుకల మధ్య అడ్డ సందులో, లోపలి గచ్చుకు సరిగ్గా పైన ఉన్న వరసలో, 12 మి.మీ. బిట్టుతో రంధ్రాలు వేయాలి. ఒక రంధ్రం నుంచి ఇంకోదానికి 120 మి.మీ. మించకూడదు. లోతు గోడ మందం కంటే 40 మి.మీ. తక్కువ: తొమ్మిదంగుళాల గోడకు 190, పద్దెనిమిదంగుళాల గోడకు 420. పొడి ఊదేసి, మందు గన్ను గొట్టాన్ని చివరిదాకా దూర్చి, వెనక్కి లాగుతూ నింపాలి. తొమ్మిదంగుళాల గోడలో రంధ్రానికి 21 మి.లీ. పడుతుంది, పదడుగుల పొడవుకు 26 రంధ్రాలు, అరలీటరు పైచిలుకు. పద్దెనిమిదంగుళాల గోడకైతే లీటరుంబావు. మందు ఆదా అవుతుందని రంధ్రాల దూరం పెంచే పనివాళ్లుంటారు. అప్పుడు రంధ్రానికీ రంధ్రానికీ నడుమ చెమ్మ మళ్లీ ఎక్కుతుంది, నాలుక ఆకారంలో మరకలు పడతాయి. మట్టి అడుసుతో కట్టిన గోడలో ఈ మందు సరిగా పట్టదు, ఆ డబ్బు బయటి గచ్చు మీద పెట్టండి.

మందు ఎక్కించాక పాత ప్లాస్టరింగ్ ఉంచకూడదు. అది ఉప్పు తిని ఉంటుంది, ఆ ఉప్పు ఆషాఢం గాలిలోని తేమను కూడా పీల్చుకుని గోడను తడిగా చూపిస్తుంది. పని ఫలించలేదని మీరు తిట్టుకునేది అప్పుడే. చెమ్మ గీతకు పైన మరో అడుగు వరకు గీకేసి, సందులు ముప్పావు అంగుళం లోతు తోడి, పొడి బ్రష్షుతో ఉప్పు దులిపి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది.

ఇక్కడే ఎక్కువ మంది తప్పుతారు. గట్టిగా ఉంటుందని ఒకటికి మూడు సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తారు. దాని మీద నాలుగడుగుల టైల్సు, లేదా ప్లాస్టిక్ పేనెళ్లు. గోడ గాలి పీల్చుకునే దారి మూసేస్తే చెమ్మ ఆగదు. ఆరే చోటు కోసం టైల్సు పైఅంచు దాకా, ఐదారడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. ద్వారబంధాల కాళ్లు కుళ్లేది, పేనెళ్ల వెనక చెదలు పట్టేది ఇలాగే. సున్నపు గోడకు సున్నమే వేయాలి: ఒక వంతు నానిన సున్నం, ఒక వంతు మెత్తని ఇటుక పొడి, రెండు వంతుల ఇసుక. సిమెంటుతో కట్టిన గోడకైతే సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6. నలభై చదరపు అడుగులకు అరంగుళం పైచిలుకు మందంలో సుమారు 15 కిలోల సిమెంటు, కొలతకు అంతే సున్నం, రెండుంబావు ఘనపుటడుగుల ఇసుక. ఇసుక నదిది కావాలి. సముద్రం దగ్గర ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన బోరు నీరు నాలుకకు ఉప్పగా తగిలితే కలపడానికీ, తడపడానికీ కాలువ నీరు తెచ్చుకోండి.

గచ్చు ఎత్తు పెంచేవాళ్లకు ఒక మాట. లోపల బుసక (నింపుడు ఇసుక) పోసి టైల్సు పరిచేస్తే, మీరు వేయించిన అడ్డుపొర ఆ బుసకలో కూరుకుపోతుంది, చెమ్మ దాని మీదుగా దాటుతుంది. బుసక మీద నాలుగంగుళాల 20 మి.మీ. కంకర, దాని మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు, అంచులు గోడ మీదకి ఆరంగుళాలు మడిచి, ఆపైనే కాంక్రీటు. గోడకు మందు కూడా కొత్త గచ్చు మట్టం చూసుకునే ఎక్కించాలి. జాకీలతో ఇల్లంతా పైకి లేపించుకుంటున్నవాళ్లు మరీ గుర్తుపెట్టుకోండి: పాత గోడ కింద కొత్త ఇటుక కట్టే రోజు, పైవరస కింద రెండంగుళాల 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపి, దాని మీద రెండు పూతల వేడి తారు. గోడ కింద అంత తేలిగ్గా చేయి దూరే అవకాశం మళ్లీ రాదు.

ఇక ఆరడం. అంగుళం మందానికి నెల చొప్పున లెక్కేయండి, తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. అందుకే వేసవి మొదట్లో, కాలువలు కట్టేసిన వెంటనే పని పెట్టుకోవాలి. ఏడాది దాకా పుట్టీ, ఎనామిల్ జోలికి పోకుండా పలచటి సున్నం మూడు పూతలు వేసి ఉంచండి. మొదటి కొన్ని నెలల్లో మళ్లీ కాస్త ఉప్పు పూస్తుంది, అది గోడలో మిగిలిన తడి బయటికొస్తూ తెచ్చేది. పొడి బ్రష్షుతో దులిపేయండి. రెండో ఏప్రిల్‌లో మళ్లీ ప్లాస్టిక్ కాగితం అతికించి, లోపలి వైపు పొడిగా ఉంటే అప్పుడు రంగుల దుకాణానికి వెళ్లొచ్చు.