పాచికల నియమాన్ని పైథాన్‌తో పరీక్షించడం ఎలా?

సొంతంగా బోర్డు ఆట తయారుచేసేవారు చాలామంది ముందు కార్డులు కత్తిరిస్తారు, బొమ్మలు గీస్తారు, పాచికల లెక్క చివరికి వదిలేస్తారు. నేను కత్తెర పట్టకముందే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను తెరుస్తాను. పదిహేను వరుసల ప్రోగ్రాం చాలు.

1. నియమాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు: "దాడి చేసేవారు, ఎదుర్కొనేవారు చెరో పాచిక వేస్తారు; పెద్ద అంకె పడినవారిదే గెలుపు." పూర్తిగా చెప్పినట్టే ఉంది. మరి ఇద్దరికీ ఒకే అంకె పడితే? దానికి జవాబు తేల్చకుండా ప్రోగ్రాం రాయలేరు. ఈ పద్ధతి నాకు ఇంత ఇష్టం కావడానికి కారణం అదే. ఆట మధ్యలో గొడవకు దారితీసే ఖాళీలు ఇక్కడే బయటపడతాయి.

2. వచ్చే ఫలితాలన్నీ లెక్కపెట్టండి. పైథాన్‌తోపాటే వచ్చే ఇటర్‌టూల్స్ మాడ్యూల్‌ (సిద్ధంగా ఉన్న కోడ్ కట్ట)లోని ప్రోడక్ట్ ఫంక్షన్ రెండు పాచికల 36 జతలనూ ఇస్తుంది. అందులో దాడి చేసేవారు గెలిచేవి 15, ఓడేవి 15, సమానమయ్యేవి 6. సమానమైనప్పుడు గెలుపు ఎదుర్కొనేవారికి ఇస్తే దాడి గెలిచే అవకాశం 41.7 శాతం, దాడి చేసేవారికి ఇస్తే 58.3 శాతం. ఆ ఒక్క మాటతో ఆట తీరే మారిపోతుంది!

3. పాచికలు పెంచి చూడండి. సమానమైతే ఎదుర్కొనేవారిదే గెలుపు అనుకుందాం. దాడి చేసేవారు రెండు పాచికలు వేసి పెద్దదాన్ని తీసుకుంటే 216 ఫలితాల్లో 125 వారివి, అంటే 57.9 శాతం. మూడు వేస్తే 1296లో 855, అంటే 66 శాతం. రెండో పాచిక ఇచ్చిన బలంలో మూడోది సగమే ఇచ్చింది. ఆటలో రెండింటికీ ఒకే ధర పెడితే మూడోదాన్ని కొన్నవారికి అన్యాయం జరుగుతుంది.

4. లెక్కకు అందనివాటిని ఆడించి చూడండి. ఒకరి ప్రాణాలన్నీ అయిపోయేదాకా సాగే పోరులో ఫలితాలన్నీ రాయడం కష్టం. అప్పుడు పాచిక వేసినట్టు ఏదో ఒక అంకెను ఇచ్చే రాండమ్ మాడ్యూల్‌తో పోరును పదేపదే నడపండి. రాండింట్(1, 6) ఆరును కలుపుకుంటుంది. రాండ్‌రేంజ్(1, 6) ఐదు దగ్గరే ఆగుతుంది. ఈ తేడా గమనించక ఒకసారి నేను ఆరు లేని పాచికతో రెండు సాయంత్రాలు లెక్కలు సరిచేశాను. అందుకే ఇప్పుడు ముందుగా ప్రతి అంకె ఎన్నిసార్లు పడిందో అచ్చువేసి చూస్తాను. ఎన్నిసార్లు నడపాలన్నదీ ముఖ్యమే. సగం సగం అవకాశమున్న పోరును 100 సార్లు నడిపితే 42 శాతమూ రావచ్చు, 58 శాతమూ రావచ్చు. 10,000 సార్లు నడిపితే ఎక్కువగా 49, 51 మధ్యే తేలుతుంది.

5. నియమం మార్చిన ప్రతిసారీ ప్రోగ్రాంను గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పులన్నిటినీ వరుసగా దాచే సాధనం) భద్రపరచండి. ఏం మార్చారో, శాతం ఎంత నుంచి ఎంతకు మారిందో భద్రపరిచేటప్పుడు జోడించే సందేశంలోనే రాయండి.

6. ఇక అట్టముక్కలతో నమూనా చేసి మనుషులతో ఆడించండి. గెలుపు శాతాలు ఎంత బాగా కుదిరినా, ఒక్కొక్కరు తమ వంతు కోసం ఎంతసేపు ఎదురుచూస్తున్నారో ఈ ప్రోగ్రాం చెప్పదు. గడియారం పక్కన పెట్టుకుని ఆ నిమిషాలు రాసుకోండి.