పాఠం 7: ప్రాసెసర్ మారిస్తే విండోస్ మళ్ళీ వేయాలా?

కిందటి పాఠంలో పాత ప్రాసెసర్ తీసి, థర్మల్ పేస్టు తుడిచి, కొత్తది సాకెట్‌లో కూర్చోబెట్టాం. ఇప్పుడు పవర్ బటన్ మీద వేలు పెట్టగానే అందరికీ ఒకటే టెన్షన్: విండోస్ మళ్ళీ ఎక్కించాలా? ఫైళ్ళు పోతాయా?

అక్కర్లేదు, పోవు. విండోస్ ఉండేది ఎస్‌ఎస్‌డీలో. ప్రాసెసర్ మారినంత మాత్రాన అందులో ఒక్క అక్షరం కూడా చెరగదు. కొత్త ప్రాసెసర్ ఏదో స్టార్ట్ అయ్యేటప్పుడు విండోసే చూసుకుని, తగిన డ్రైవర్ పెట్టుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో ప్రాసెసర్స్ దగ్గర విప్పి చూడండి, ఒక్కో థ్రెడ్‌కి (ప్రాసెసర్ ఒకేసారి నడపగల ఒక్కో పనికి) ఒక్కో వరుస చొప్పున కొత్త పేరు కనిపిస్తుంది. లినక్స్‌లోనూ అంతే, కావలసినవన్నీ కెర్నెల్‌తోనే, అంటే లినక్స్ గుండెకాయతోనే వస్తాయి. ఈ భయం ఎక్స్‌పీ కాలం నాటిది. అప్పట్లో సింగిల్ కోర్ నుంచి డ్యూయల్ కోర్‌కి మారినా తంటాలు ఉండేవి.

మరి కొందరికి ఎందుకు ఆగిపోతుంది? మొదటి కారణం బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ని నిద్రలేపే మదర్‌బోర్డు ప్రోగ్రామ్. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్‌నే తీసుకోండి. 2017 నాటి రైజెన్, 2020లో వచ్చిన రైజెన్ 5000 రెండూ అందులోనే కూర్చుంటాయి. కానీ పాత బోర్డు బయోస్‌కి కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. విండోస్‌ని తిట్టుకుంటాం గానీ, వంతు దాని దాకా రానేలేదు. అందుకే పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి.

రెండోది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇదే. డ్రైవ్‌కి వేసిన తాళం తెరిచే రహస్యాన్ని టీపీఎం అనే భాగం కాపాడుతుంది. చాలా కంప్యూటర్లలో అది విడి చిప్ కాదు, ప్రాసెసర్‌తో ముడిపడిన ఫర్మ్‌వేర్ టీపీఎం, పొట్టిగా ఎఫ్‌టీపీఎం. ప్రాసెసర్ మారితే ఆ రహస్యం కొత్తదానికి అందదు. నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఈ తాళం చాలా కంప్యూటర్లలో దానంతటదే పడుతుంది, కాబట్టి ‘నాకు బిట్‌లాకర్ లేదు’ అని ధీమాగా ఉండకండి.

నేనూ ఇక్కడే దొరికిపోయాను. కీని తాళం వేసిన డ్రైవ్‌లోనే సేవ్ చేస్తానంటే విండోస్ ఒప్పుకోలేదు. తెలివి ఉపయోగించి, ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా అదే డ్రైవ్‌లో పెట్టుకున్నాను. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టన్నమాట! కొత్త ప్రాసెసర్ పెట్టాక నల్ల తెర మీద ‘కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయడానికి వై, వద్దంటే ఎన్’ అన్న అర్థంలో నాలుగు లైన్లు వచ్చాయి. అదృష్టం బాగుండి ఎన్ నొక్కాను. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టగానే డ్రైవ్ తెరుచుకుంది. పేస్టు మాత్రం ఒకటికి మూడుసార్లు పూయాల్సి వచ్చింది. వై నొక్కి ఉంటే పాతది పెట్టినా లాభం ఉండేది కాదు.

మీరు చేయాల్సింది ఇది. ముందు కీని కాగితం మీద రాసుకోండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి ‘సస్పెండ్ ప్రొటెక్షన్’ నొక్కండి. సాధారణంగా ఒక్క రీస్టార్ట్‌తో అది మళ్ళీ ఆన్ అయిపోతుంది. కాబట్టి బయోస్ అప్‌డేట్‌కి ముందు ఒకసారి, ప్రాసెసర్ విప్పే ముందు ఇంకోసారి నొక్కాలి. విండోస్ హోమ్‌లో ఆ బటన్ ఉండదు, సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (అదే తాళానికి అక్కడి పేరు) ఆఫ్ చేసి, తాళం పూర్తిగా తీయడం అయ్యేదాకా ఆగండి. లాగిన్ పిన్ కూడా పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుంచుకోండి.

మిగిలినవి చిన్నవే. కొత్త ప్రాసెసర్‌తో బయోస్ సెట్టింగులు మొదటికొస్తే, స్టోరేజ్ మోడ్ (డ్రైవ్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) మారిపోయి ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలం తెర రావచ్చు. కంగారుపడి విండోస్ వేసేయకండి, ఆ మోడ్‌ని ముందున్నట్టే పెడితే చాలు. యాక్టివేషన్ ప్రధానంగా మదర్‌బోర్డును బట్టి ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ ఒక్కటే మారితే మామూలుగా పోదు.

అభ్యాసం: ఈ రోజే మీ రికవరీ కీ ఎక్కడుందో వెతికి పట్టుకోండి, బయోస్‌లో స్టోరేజ్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ రెండూ చేతిలో ఉంటేనే 8వ పాఠానికి రండి, అందులో మదర్‌బోర్డే మారుస్తున్నాం.